బంగారుతీగకు జ్వరం వస్తే

మా రుద్రవరం వైపు చెరువుల్లో, కుంటల్లో బొచ్చె, శీలావతి, బంగారుతీగ పిల్లల్ని వదులుతారు. ఉన్నట్టుండి ఒక పొద్దున చేపలు వెల్లకిలా తేలాయంటే చాలు, మొదటి పరుగు మందుల దుకాణానికే. యాంటీబయాటిక్ పొడి కొంటారు, మేతలో కలుపుతారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందా, బ్యాక్టీరియా సోకిందా, వైరసా అని ఆరా తీసేవాళ్లు తక్కువ. వైరస్ అయితే ఆ డబ్బు నీళ్లపాలే. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. దానితో కొట్లాడాల్సింది చేప ఒంట్లోని శక్తే.

పట్టుకుంటే చేతిలోంచి జారిపోతుందే, ఆ జిగురే చేపకు మొదటి కాపలా. అందులో క్రిములను దెబ్బతీసే ఎంజైములు ఉంటాయి, యాంటీబాడీలు ఉంటాయి. చేపల్లో మాత్రమే ఉండే ఐజీటీ అనే యాంటీబాడీని 2005లో గుర్తించారు. పేగులు, మొప్పలు, చర్మం మీద ముఖ్యంగా కాపు కాసేది అదే. గరుకు వలలో ఈడ్చి, పొడి చేతులతో పట్టి, గోనెపట్టా మీద పడేస్తే ఆ జిగురు ఊడిపోతుంది. పిల్లల్ని చెరువులో వదిలే రోజే ఇలా చేస్తే చేపకు కవచం తీసేసినట్టే.

కాపలా దాటి వైరస్ కణంలోకి దూరితే రెండో వరస కదులుతుంది. కణంలో ఉండే ప్రొటీన్లు వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగడతాయి. వెంటనే ఇంటర్‌ఫెరాన్ విడుదలవుతుంది. ఆ కబురు అందగానే పక్క కణాలు ఎంఎక్స్ లాంటి ప్రొటీన్లు తయారు చేసుకుని వైరస్ పెరగకుండా అడ్డుపడతాయి. 1957లో తొలిసారి బయటపడిన ఈ ఇంటర్‌ఫెరాన్ మన ఒంట్లోనూ ఉంది. తేడా ఇంకోచోట ఉంది. మనకు రక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయి. చేపకు ఆ పని తల వెనకనుండే మూత్రపిండం ముందు భాగం చేస్తుంది.

ఆ తర్వాత యాంటీబాడీల వంతు. చేపది చల్లని రక్తం కాబట్టి వాటి తయారీ నీటి వేడిని బట్టి ఉంటుంది. చలికాలంలో వారాలు పడుతుంది, వైరస్ అంతదాకా ఆగదు. రొయ్యకు ఆ పాటి ఆసరా కూడా లేదు. దానికి యాంటీబాడీలే ఉండవు. 1994లో తెల్లమచ్చ వైరస్ నెల్లూరు తీరాన్ని ఎంత దెబ్బ తీసిందో అక్కడి రైతులు మరిచిపోలేదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన ప్రయోగం. చేపలకు 24, 28, 32 డిగ్రీల నీళ్లున్న మూడు గదులు కలిపి ఇచ్చారు. హెర్పిస్ వైరస్ సోకిన చేపలు తమంతట తామే 32 డిగ్రీల గదికి చేరి కోలుకున్నాయి. ఒంట్లో జ్వరం పుట్టించుకోలేని జీవి వెచ్చని చోటు వెతుక్కుని జ్వరం తెచ్చుకుంది! వైరస్ కూడా ఊరుకోలేదు. చేపలో జ్వరం సంకేతాన్ని అడ్డుకునే ప్రొటీన్‌ను తయారు చేసి, ఆ ప్రయాణాన్ని ఆలస్యం చేసింది. ఇంతకీ అది ఏ చేప అనుకున్నారు? మన చెరువుల్లోని బంగారుతీగే.

అలాగని వేడి అన్నిటికీ మందు కాదు. పండుగప్ప పిల్లల్ని చంపే నోడావైరస్ వెచ్చని నీళ్లలోనే విజృంభిస్తుంది. అలాంటి చోట టీకానే దారి. చైనాలో గడ్డిచేపకు రియోవైరస్ టీకా ఎప్పటినుంచో వేస్తున్నారు. నోడావైరస్‌కు చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచరాల పెంపకం సంస్థ టీకా తయారు చేసింది. ఇలాంటి టీకాలు అవసరమున్న రైతు దాకా చేరాలి. మన మంచినీటి చేపల మీదా ఇంతే శ్రద్ధ పెట్టాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నది చేప బలాన్ని చెడగొట్టకపోవడం. కిక్కిరిసిన చెరువులో, అమ్మోనియా పేరుకున్న నీళ్లలో చేప ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, రోగనిరోధక శక్తి పడిపోతుంది. కాబట్టి రైతన్నలకు నా మనవి ఒక్కటే. చేపలు తేలితే ముందు నీళ్లు పరీక్ష చేయించండి. కొన ఊపిరితో ఉన్న చేపను కుళ్లకముందే మత్స్యశాఖ వాళ్లకు చూపించండి. రోగమేదో తేలకుండా యాంటీబయాటిక్ సంచి విప్పకండి.