పదో నంబరు చొక్కా సరే, మైదానంలో చోటు ఎక్కడ?

రాయ్‌పూర్ మైదానాల్లో సాయంత్రం పూట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే కోచ్‌లకు అప్పుడప్పుడూ ఒక మెరుపులాంటి ఆటగాడో, ఆటగత్తెనో తారసపడుతుంటారు. బంతి కాలికి అతుక్కున్నట్టే ఉంటుంది. ఇద్దరిని తప్పించుకుని, మూడోవారికి అందకుండా పాస్ ఇవ్వగలరు. అలాంటివారికి పదో నంబరు చొక్కా తొడిగి ఎటాకింగ్ మిడ్‌ఫీల్డర్‌గా, అంటే ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్లకూ డిఫెండర్లకూ మధ్య ఆడించడం ఆనవాయితీ. అక్కడ రాణించకపోతే 'పెద్ద మ్యాచ్‌లకు పనికిరాడు' అన్న ముద్ర పడిపోతుంది. లోపం ఆటగాడిదా, నిలబెట్టిన చోటుదా అని తేల్చకుండా వేసే ఈ ముద్ర అన్యాయమైనది. తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు.

ముందు మైదానాన్ని భౌతికశాస్త్రం కళ్లతో చూడాలి. అంతర్జాతీయ మ్యాచ్‌లకు వాడే మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. గోల్‌కీపర్లు పోగా మిగిలిన 20 మందికి పంచితే తలా 357 చదరపు మీటర్లు. కానీ ఆ స్థలం ఎవరికీ సమానంగా దక్కదు. ప్రత్యర్థి 3 మీటర్ల దూరంలో ఉండి సెకనుకు 6 మీటర్ల వేగంతో మీదికొస్తే, బంతి అందుకున్న ఆటగాడికి మిగిలేది అర సెకను. అదే 12 మీటర్ల దూరంలో ఉంటే రెండు సెకన్లు. పదో నంబరు చోటులో ఒత్తిడి 360 డిగ్రీల నుంచీ వస్తుంది. మైదానం అంచున ఆడే వింగర్‌కు ఒక వైపు గీతే గోడ కాబట్టి ప్రత్యర్థులు 180 డిగ్రీల నుంచే వస్తారు, కానీ తప్పించుకునే దారులూ సగమే ఉంటాయి. వెనక, డిఫెండర్లకు ముందు నిలబడితే సమయం ఎక్కువ దొరుకుతుంది. అయితే గోల్ దూరమవుతుంది, అక్కడ బంతి పోగొట్టుకుంటే మూల్యం కూడా పెద్దదే.

కాబట్టి స్థానం అంటే సమయం, కోణం, పొరపాటుకు చెల్లించే మూల్యం. ఏ ప్రతిభ ఏ లెక్కకు సరిపోతుందన్నదే అసలు ప్రశ్న.

ఇటలీ ఆటగాడు ఆండ్రియా పిర్లో ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన మొదట ఎటాకింగ్ మిడ్‌ఫీల్డరే. 2001లో బ్రెషియా క్లబ్బుకు వచ్చేసరికి అక్కడ ఆ చోటులో రాబర్టో బాజియో ఉన్నారు. కోచ్ కార్లో మజోనే పిర్లోను వెనక్కి జరిపారు. అక్కడ దొరికిన అదనపు సమయంలో ఆయన చూపు, దూరపు పాస్‌లు వికసించాయి. 2006లో ఇటలీ ప్రపంచకప్ గెలిచినప్పుడు జట్టు ఆటకు ఇరుసు ఆయనే.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, ఆయనను ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ జర్నైల్‌దే. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం ముందువరుసలో ఎక్కడైనా ఆడగల నేర్పరి. లోపలి ఎడమ స్థానంలో చుని గోస్వామి ఉండడంతో బలరాం ఎడమ అంచున ఆడారు. 'ఇతనికి ఏ చోటు మంచిది' అన్న ప్రశ్నకు 'పక్కన ఎవరున్నారు' అన్నది విడదీయరాని భాగమని ఆ కూర్పు చెబుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లా నుంచి భారత మహిళల జట్టుకు ఎదిగిన కిరణ్ పిస్దా కూడా దాడిలోనూ, రక్షణలోనూ ఆడిన క్రీడాకారిణే.

రహీం కంటితో చూసి అంచనా వేసినదాన్ని నేడు లెక్కకట్టే పద్ధతులున్నాయి. హిగ్స్ బోసాన్‌పై హార్వర్డ్‌లో పరిశోధన చేసిన విలియం స్పియర్‌మన్ తర్వాత ఫుట్‌బాల్ వైపు వచ్చి, మైదానంలో ప్రతి బిందువునూ ఏ జట్టు ముందుగా చేరగలదో సంభావ్యతగా చూపే నమూనా రూపొందించారు. నార్వే పరిశోధకుడు గైర్ జోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లను గమనించి, బంతి అందకముందు చుట్టూ ఎక్కువసార్లు చూసేవారి పాస్‌లు ఎక్కువగా సఫలమవుతున్నాయని చూపారు.

మన సెలక్షన్ ట్రయల్స్ చాలాచోట్ల ఇంకా గోల్స్‌నే చూస్తున్నాయి. అక్కడే గణితం హెచ్చరిస్తుంది. సగటున నాలుగు మ్యాచ్‌లకు ఒక గోల్ చేసే ఆటగాడు రెండు మ్యాచ్‌ల్లో ఒక్కటీ చేయకపోయే అవకాశం ఎంత? పాయ్‌జాన్ సూత్రం ప్రకారం సుమారు 61 శాతం. అంటే ప్రతిభ ఉన్నా, ఖాళీ చేతులతో ఇంటికి తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. పెద్ద అకాడమీ దగ్గర్లో లేని ఊరి పిల్లలకు రెండో ట్రయల్ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ఎత్తైన చోట ఒక ఫోన్ పెట్టి వీడియో తీయాలి. అదే ఆటగాడిని పదో నంబరు చోటులో, అంచున, వెనక, ఒక్కోచోట 20 నిమిషాల చొప్పున వేర్వేరు రోజుల్లో, వేర్వేరు సహచరులతో ఆడించాలి. తర్వాత నాలుగే లెక్కలు: బంతి అందకముందు భుజం మీదుగా ఎన్నిసార్లు చూశాడు, బంతి అందాక ఎన్నిసార్లు ముందుకు తిరగగలిగాడు, ముందుకు ఇచ్చిన పాస్‌లలో ఎన్ని చేరాయి, బంతి ఎక్కడ పోగొట్టుకున్నాడు. గోల్స్ అరుదు, బంతిని తాకే సందర్భాలు మ్యాచ్‌కు పదుల్లో ఉంటాయి. ఎక్కువ కొలతలుంటే అదృష్టం పాత్ర తగ్గుతుంది.

తరచూ చోటు మారిస్తే పిల్లలు తికమకపడతారని కొందరు కోచ్‌లు అంటారు. మ్యాచ్ మ్యాచ్‌కూ కారణం చెప్పకుండా మారిస్తే ఆ మాట నిజమే. ఎందుకు మారుస్తున్నారో చెప్పి, వీడియో చూపించి, ఎక్కడ హాయిగా ఉందో అడిగితే అదే శిక్షణ అవుతుంది. జట్టు అవసరం ముందన్న వాదనా సరైనదే. బలరాం అంచుకు వెళ్లింది అందుకే. కానీ ఆటగాడి బలం ఏమిటో తెలిసి అంచుకు పంపడం వేరు, తెలియక బయటికి పంపడం వేరు.

ట్రయల్స్ నిర్వహించేవారు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: కనీసం రెండు చోట్ల ఆడించి చూడకుండా ఎవరినీ తిప్పి పంపకూడదు. అందుకు అదనంగా పట్టేది ఓ గంట. పోకుండా మిగిలేది ఒక పిర్లో కావచ్చు.