ఒకే యింట రెండు రౌటర్లు



ఈ శీర్షికకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న పలుమాఱు కనబడుచున్నది. ఇంటిలో రెండు కంప్యూటర్లున్నవి. రెండింటికిని ఇంటర్నెట్టు చక్కగా వచ్చుచున్నది. అయినను ఒకదానిలోని ఫైలు రెండవదానిలో కనబడుట లేదు. ఇందులకు కారణమేమి?

కాకినాడ సోదరి యొకరు తమ యింటి సంగతిని వివరముగా వ్రాసిరి. క్రింది వసారాలో పాత కంప్యూటరు కలదు. మామగారి కాలమునాటి పొలము దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, ముగ్గురు బిడ్డల పెండ్లి ఛాయాచిత్రములు స్కాను చేసి అందులో భద్రపఱచినారు. మేడమీద కోడలు ఉద్యోగపుపని చేసికొను లాప్‌టాపు కలదు. మేడమీదికి దస్తావేజు కావలసివచ్చినచో దానిని ఫోనుతో ఫోటో తీసి వాట్సాపులో పంపుచున్నారట. పదునెనిమిది మెట్లు ఎక్కవలసిన కాగితము వీధి దాటి, ఎక్కడనో యున్న కంపెనీవారి యంత్రములగుండా పోయి, మరల తమ మేడమీదికే వచ్చుచున్నది. వచ్చునప్పటికి బొమ్మ నలిగి సర్వే నంబరు చదువరాకున్నది. ఆ సోదరి వ్రాసిన మాట యొకటి నన్ను ఆలోచింపజేసినది: "అబ్బాయి ఊరిలో లేనినాడు మా యింటి కాగితములు మాకు లేనట్లే."

బీరువా తాళపుచెవి గృహిణి నడుమున ఉండుట మన యిండ్లలో వాడుక. నేటి దినమున కాగితములు బీరువా విడిచి కంప్యూటరులోనికి చేరినవి. తాళపుచెవి మాత్రము ఎవరి చేతిలో నున్నదో ఎవరికిని తెలియదు. కావున ఈ మాసము ఈ సంగతినే వివరించెదను. ఇది ఇంజనీర్లు మాత్రమే చేయదగిన పని కాదు. మిక్సీ గిన్నె బిగించుట తెలిసినవారికి ఇదియు తెలియును.

రౌటరనగా ఇంటర్నెట్టును ఇంటిలో పంచిపెట్టు పెట్టె మాత్రమే యని పలువురి తలంపు. దాని ముఖ్యమైన పని వేఱొకటి కలదు. తన్నాశ్రయించిన ప్రతి ఫోనునకు, ప్రతి కంప్యూటరునకు అది యొక చిరునామా నిచ్చును. ఆ చిరునామాలు తఱచుగా 192.168 అను అంకెలతో మొదలగును. ఈ అంకెలు ఇండ్లలోను, సంస్థలలోను లోపలి వాడుకకై ప్రత్యేకింపబడినవి. 1996 ఫిబ్రవరిలో వెలువడిన నియమములలో ఇవి స్థిరపడినవి. మీ యింటిలో 192.168.1.5 అను చిరునామా ఉన్నట్లే ప్రక్కయింటను ఉండవచ్చును. ప్రతి యింటను వంటగది యుండును గదా, మా వంటగది మీ వంటగదితో కలహింపదు. అట్లే యిదియును.

ఇక రెండవ రౌటరు ఏల వచ్చినది? స్లాబు యిండ్లలో క్రింది వైఫై మేడమీదికి సరిగా ఎక్కదు. అందుచేత దుకాణమునుండి మఱియొక రౌటరు తెచ్చి, క్రింది పెట్టెనుండి తీగ లాగి మేడమీద తగిలింతురు. రౌటరు వెనుక తీగలు గ్రుచ్చు రంధ్రములుండును. అందొకటి తఱచుగా వేఱు రంగుతో నుండును. దానిప్రక్కన వాన్ అనియో, ఇంటర్నెట్ అనియో వ్రాసియుండును. తక్కినవి ల్యాన్ రంధ్రములు. బిగించుటకు వచ్చిన కుఱ్ఱవాడు తీగను వాన్ రంధ్రములో గ్రుచ్చి, ఇంటర్నెట్టు వచ్చినదని చూపి వెడలిపోవును. ఇంటర్నెట్టు వచ్చుట నిజమే. అయితే ఆ క్షణముననే ఇల్లు రెండిండ్లైనది.

ఎట్లన, వాన్ రంధ్రములో తీగ యున్నపుడు మేడమీది రౌటరు క్రింది యింటినంతటిని వీధిగా భావించును. తనవారికి తానే వేఱు వరుసలో, అనగా 192.168.0 తో మొదలగు చిరునామాలిచ్చి, చుట్టును గోడ కట్టుకొనును. కంప్యూటర్లు ఒండొరులను కనుగొనుటకు "ఈ యింట నెవరెవరున్నారు?" అని కేక వేయును. ఆ కేక గోడ దాటిపోదు. కనుక క్రింది కంప్యూటరునకు పైదియు, పైదానికి క్రిందిదియు కనబడవు. తప్పు కంప్యూటర్లలో నున్నదనుకొని వానినే మరల మరల సవరించి విసిగినవారు పెక్కుమంది కలరు.

ఈ గోడయందొక విచిత్రము కలదు. దానిని జాగ్రత్తగా గమనింపుడు. ఇది ఒకవైపు మాత్రమే అడ్డగించును. క్రిందివారు పైవారి తలుపు తట్టలేరు. పైవారు మాత్రము క్రిందివారి చిరునామా తెలిసినచో వచ్చి తట్టగలరు. మేడమీది కంప్యూటరులో ఫైల్ ఎక్స్‌ప్లోరరు తెఱచి, పైనున్న పట్టీలో రెండు వెనుకవాలు గీతలు గీసి, క్రింది కంప్యూటరు చిరునామా అంకెలు వ్రాసినచో, అచ్చట పంచియుంచిన ఫోల్డరు తెఱచుకొనును. పేరు పెట్టి పిలిచిన పలుకదు, అంకెతో పిలిచిన పలుకును. అత్యవసరమైననాడు ఈ యుపాయము చాలును.

అయితే మేడమీద అద్దెకున్నవారుండి, వారికి ఈ రెండవ రౌటరు ద్వారా వైఫై ఇచ్చుచున్నవారు ఈ మాటను వేఱువిధముగా చదువుకొనవలెను. "వారికి వేఱు రౌటరున్నది, వేఱు రహస్యపదమున్నది, మన సంగతులు వారికి తెలియవు" అని నిశ్చింతగా నుండరాదు. గోడ కాపాడునది వారిని, మనలను కాదు. అట్టి యిండ్లలో అద్దెవారు వేఱు కనెక్షను పెట్టించుకొనుట మేలు. అది కుదరనిచో మొదటి రౌటరులోనే గెస్ట్ నెట్‌వర్కు అను అతిథి వైఫై కలదేమో చూచి, దాని రహస్యపదమును మాత్రమే వారికీయవలెను. అతిథి వైఫైపై నున్నవారు సాధారణముగా ఇంటిలోని యితర యంత్రములను చూడలేరు. మన కోడలి లాప్‌టాపే పొరపాటున అతిథి వైఫైకి తగిలియున్నచో ఫైళ్లు కనబడకపోవుటకు అదియు నొక కారణము కావచ్చును.

పై రౌటరును వాడునది మన కుటుంబమే యైనచో, చేయవలసినది గోడను తీసివేయుటయే. రెండవ రౌటరు రౌటరు పని మానుకొని, కేవలము వైఫైని అందించు దీపస్తంభమువలె నుండవలెను. దీనిని యాక్సెస్ పాయింట్ అందురు. ఇప్పుడు వచ్చుచున్న పెక్కు రౌటర్లలో ఆ పేరుతోనే యొక ఏర్పాటు కలదు. దానిని ఎంచుకొన్న చాలును, తక్కినది అదియే చూచుకొనును. మెష్ అని అమ్మబడు జంటపెట్టెలలోను ఇట్టి యేర్పాటే బ్రిడ్జ్ అనియో, యాక్సెస్ పాయింట్ అనియో ఉండును.

ఆ సౌకర్యము లేని పాత రౌటరైనచో చేతితో చేయవలసియుండును. ఇందు వరుస తప్పరాదు. మొదట మేడమీది రౌటరును క్రిందిదానినుండి విడదీసి, దాని ల్యాన్ రంధ్రమునకు ఒక కంప్యూటరును తీగతో తగిలింపుడు. రౌటరు అడుగున అంటించిన చీటీపై దాని చిరునామాయు, లోపలికి పోవు రహస్యపదమును ఉండును. బ్రౌజరులో ఆ చిరునామా వ్రాసి లోపలికి పొండు. క్రింది రౌటరు 192.168.1.1 అయినచో, దీని ల్యాన్ చిరునామాను 192.168.1.2 గా మార్చుడు. క్రింది రౌటరు ఇతరులకు పంచిపెట్టు అంకెలలో ఈ 2 లేకుండునట్లు చూచుకొనుడు. రౌటరు ఆగి మరల వెలిగిన పిదప క్రొత్త చిరునామాతో మరల లోపలికి పోయి, డి.హెచ్.సి.పి. అను దానిని నిలిపివేయుడు. చిరునామాలు పంచు పని పేరే యది. ఇంటిలో పసుపుకుంకుమలు పంచుటకు ఇద్దఱున్నను నష్టము లేదు గాని, చిరునామాలు పంచుటకు ఒక్కరే యుండవలెను. తుదకు క్రిందినుండి వచ్చు తీగను వాన్ రంధ్రములో గాక ల్యాన్ రంధ్రములో గ్రుచ్చుడు. వైఫై పేరు, రహస్యపదము క్రిందను పైనను ఒకటే పెట్టినచో ఫోను మెట్లెక్కునపుడు తానే మాఱుకొనును.

ఇంతటితో రెండు కంప్యూటర్లును ఒకే యింటిలోనికి వచ్చినవి. ఇక తలుపు తీయవలెను.

విండోస్ కంప్యూటరు తాను తగిలియున్న వైఫైని పబ్లిక్ అనియో, ప్రైవేట్ అనియో తలంచును. పబ్లిక్ అనగా రైల్వేస్టేషను వంటిది. అచ్చట అది ముసుగు వేసికొని కూర్చుండును. సెట్టింగులలో మన యింటి వైఫైని ప్రైవేట్ అని మార్చవలెను. పిమ్మట నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ అను రెండింటిని తెఱవవలెను. మ్యాక్ కంప్యూటరు కలవారు సెట్టింగులలో జనరల్, దానిలో షేరింగ్ అను చోట చూడవలెను. విండోస్‌తో కలియవలెనన్న అందులోని ఐచ్ఛికములలో విండోస్ ఖాతాకు గుర్తు పెట్టవలెను. పాత పుస్తకములలో హోమ్‌గ్రూప్ అను సులభమార్గము చెప్పబడియుండును. 2009లో విండోస్ 7తో వచ్చిన ఆ సౌకర్యమును 2018లో విండోస్ 10నుండి తొలగించిరి. దానికై వెదకి కాలము వ్యర్థము చేసికొనవలదు.

ఏ ఫోల్డరును పంచవలెను? ఇచ్చట నా యభిప్రాయము దృఢము. కంప్యూటరునంతటిని ఎన్నడును పంచకుడు. "ఇంటి కాగితములు" అని యొక ఫోల్డరు, "ఛాయాచిత్రములు" అని యొక ఫోల్డరు వేఱుగా చేసి, వానిని మాత్రమే పంచుడు. కోడలి ఉద్యోగపు ఫైళ్లు కోడలివి. చదువుకొను మనుమరాలి దినచర్య ఆమెది. కలిసియుండు కాపురములో ఎవరి పెట్టె వారికుండుట వేఱుపాటు కాదు. ఉద్యోగసంస్థవారిచ్చిన లాప్‌టాపైనచో ఇట్టి పంపకములకు వారి నిషేధము ఉండవచ్చును; అట్టిచో దానినుండి ఏమియు పంచక, క్రింది కంప్యూటరులోనివి చూచుటకైనను ముందుగా వారి యనుమతి పొందవలెను.

పంచునపుడు ఎవరికి అను ప్రశ్న వచ్చును. అందఱికి అను మాటను ఎంచుకొని, రహస్యపదమక్కఱలేదని చెప్పుట సులభము. పలువురట్లే చేయుదురు, చేయవలదు. కాగితములున్న కంప్యూటరులో ఇల్లు అను పేరుతో వేఱుగా ఒక ఖాతా తెఱచి, దానికి రహస్యపదము పెట్టి, ఆ ఖాతాకు మాత్రమే ఫోల్డరును పంచుడు. ఇందు పలువురు చిక్కుకొను స్థలమొకటి కలదు. కంప్యూటరు తెఱచుటకు మనము నిత్యము నొక్కు నాలుగంకెల పిన్ ఆ కంప్యూటరు ముందు కూర్చున్నవారికే పనిచేయును. మఱియొక కంప్యూటరునుండి అడిగినపుడు పనికిరాదు. అచ్చట అసలు రహస్యపదమే కావలెను. పిన్ కొట్టి కొట్టి, తప్పు తప్పు అని వచ్చుచున్నదని విసిగినవారు ఇది గమనింపవలెను.

అంతకంటె ముఖ్యమైనది, చూచుటకు మాత్రమే యను అనుమతి. రీడ్ అని యుండును. రీడ్ రైట్ అని మఱియొకటి యుండును. ఛాయాచిత్రముల ఫోల్డరునకు మొదటిదే యీయుడు. ఏలయనగా మన కంప్యూటరులో పొరపాటున తుడిచివేసిన ఫైలు రీసైకిల్ బిన్ అను చెత్తబుట్టలో పడియుండును, వెదకి తీసికొనవచ్చును. ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరులోని ఫైలును తుడిచినచో అది సాధారణముగా ఆ బుట్టలో పడదు, ఒక్కమాఱే పోవును. ఆడుకొను పిల్లవాని చేయి మేడమీద తగిలినచో క్రింద నున్న తాతగారి యేకైక చిత్రము పోవచ్చును. ఇట్టి చిత్రములకు వేఱొక హార్డుడిస్కులో నకలుండుట అత్యవసరము. పంచుట వేఱు, నకలు చేయుట వేఱు.

రహస్యపదము విషయమున నేనింతగా చెప్పుటకు కారణమున్నది. 2017 మే నెలలో వానాక్రై అను పురుగు లోకమంతట కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి ధనమడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కొన్ని కంప్యూటర్లును దాని వాతబడినవి. అది వ్యాపించినది ఈ ఫైళ్లు పంచు మార్గముననే; విండోస్‌లో నున్న లోపమును పట్టుకొని యొక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు ప్రాకినది. మైక్రోసాఫ్టువారు ఆ లోపమునకు మందు రెండు నెలలు ముందే, మార్చిలోనే, ఇచ్చియుండిరి. వేసికొననివారే చాలవఱకు చిక్కుకొనిరి. కనుక అప్‌డేట్ అని కంప్యూటరు అడిగినపుడు త్రోసిపుచ్చకుడు. విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినదను సంగతియు తెలిసియుండవలెను. ఊరనున్న కుమారుడు అక్కడనుండి చూచుటకై రౌటరులో ఈ మార్గమును వీధివైపు తెఱవుమని ఎవరైన సలహా చెప్పినచో వినవలదు.

ఇక వేగము. ఇరువది జీబీల పెండ్లి చిత్రములు మేడమీదికి పంపవలెననుకొందము. సెకనుకు నూఱు మెగాబిట్ల రంధ్రములు గల పాత రౌటరులో, తీగద్వారా, సుమారు అరగంట పట్టును. గిగాబిట్ రంధ్రములున్నచో మూడు నాలుగు నిమిషములు చాలును. వైఫైలో గోడలనుబట్టి యుండును. ఇది యింటిలోనే జరుగు ప్రయాణము గనుక ఇంటర్నెట్టు డేటా ఖర్చు కాదు. గాలివానకు వీధిలో తీగ తెగిపడినను, ఇంటిలో కరెంటున్నంతవఱకు నిలువదు.

అన్నియు సరిగా చేసినను ఒక్కొక్కనాడు క్రింది కంప్యూటరు కనబడదు. తఱచుగా అది నిద్రపోయి యుండును. పవరు సెట్టింగులలో నిద్రకాలమును పెంచవలెను. లేదా దాని చిరునామా మాఱియుండును. క్రింది రౌటరులో అడ్రస్ రిజర్వేషన్ అను చోట ఆ కంప్యూటరునకు ఒక అంకెను శాశ్వతముగా వ్రాసిపెట్టవచ్చును. ఆ అంకెను పంచాంగము వెనుకనో, పాలలెక్క పుస్తకములోనో వ్రాసియుంచుడు. రహస్యపదము మాత్రము అచ్చట వలదు.