ప్రమాణమా, తలల లెక్కయా?

ప్రభుత్వ పాఠశాలల ప్రమాణము పెంచుటకు ఏ ప్రభుత్వము పూనుకొన్నను మనము వలదనువారము కాము. పేదబిడ్డకును ధనికుని బిడ్డకును ఒకే మేలైన పాఠము అందవలసినదే. తమిళనాట 2010వ సంవత్సరపు ఏకరూప విద్యాచట్టము స్టేట్ బోర్డు, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్ అను నాలుగు విధానములను ఒక్క త్రాట కట్టినది. దానిని అమలు జరుపవలెనని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో తీర్పు చెప్పెను. అందు న్యాయము కలదు. కాని సమానత్వము వేరు, ఒకే మూసలో పోయుట వేరు. ఈ భేదమును మరచిన సంస్కరణము అల్పసంఖ్యాకుల బిడ్డకు మేలు చేయజాలదు.

అంతకు ముందే, 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు తమిళమును అంచెలంచెలుగా నిర్బంధము చేసినది. మన మాతృభాష ఐచ్ఛికమై నాలుగవ భాగమునకు జారినది. తమిళము నేర్వవలదని మనలో నెవ్వరును అనరు. తరతరములుగా ఆ భాషలోనే బేరమాడితిమి, స్నేహము చేసితిమి. తమిళము వచ్చుట మనకు సంపద; తెలుగు పోవుట నష్టము. మొదటి సంపదకు రెండవ నష్టమును వెలగా చెల్లింపవలసిన పని యేమి? 2016 పదవ తరగతి పరీక్షలకు మినహాయింపు కోరి మనవారు హైకోర్టుకు పోవలసి వచ్చెను. 2023లో సుప్రీంకోర్టు మరియొక యేడాది గడువిచ్చెను. న్యాయస్థానపు మెట్లెక్కి తెచ్చుకొను మినహాయింపు హక్కు కాదు, వాయిదా మాత్రమే.

పలుభాషల బరువుచే బిడ్డ వెనుకబడునని కొందరు పెద్దలు వాదింతురు. ఇంటిమాటలో కూడికలు చేయగల బిడ్డకు బడిమాట తెలియనంతనే మందమతి యని ముద్రవేయుట ఏ ప్రమాణము? ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతి కల్పింపవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణము 1956 నుండి చెప్పుచునే యున్నది. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో జరుగవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టమును చెప్పినది.

తరగతిలో పదిమందియో, పాఠశాల మొత్తమున నలుబదిమందియో ఉన్నచో ఆ భాషకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లోనే విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. నేడు చిన్నబడులను పెద్దబడులలో కలుపుటయు సంస్కరణమే యనుచున్నారు. ఒడిషాలో ఇట్లే జరిగినది. కలిపిన బడికి మన పిల్లలతో పాటు తెలుగు పంతులును పోవునా యని అడుగువారేరి?

ఇక మనమాట. ఆ పదిమందిని బడికి పంపవలసినవారెవరు? త్యాగరాజ కీర్తనలు వినుటకు ఏటేటా తిరువయ్యారు పోవుదుము; ఆ కీర్తనను తెలుగు లిపిలో చదువలేని మనుమని చూచి మురియుదుము. తెలుగు తరగతిని ఖాళీచేసి ఇంగ్లీషు బడికి రుసుము కట్టి, పిమ్మట పంతులును తీసివేసిరని వగచుట న్యాయమా?

కావున ప్రభుత్వమును మూడు అడుగుదము: ఖాళీయైన తెలుగు పంతులు పదవి వెంటనే నింపవలెను, బడి తెరచునాటికే తెలుగు వాచకము చేతికందవలెను, మాతృభాష మార్కులకు తక్కిన పాఠములతో సమానపు విలువ ఉండవలెను. మనలను మనము ఒక్కటే అడుగుకొందము: వచ్చే చేర్పులలో తెలుగు తరగతి హాజరుపట్టీలో మన యింటి పేరుండునా? ఆ పట్టీ నిండినచో అర్జీకి బలము కలుగును. నిండనిచో చట్టమున్నను మన నోట మాట రాదు.