సాయంకాల ప్రార్థనా సమయము



దీపములు పెట్టిన పిమ్మట ఇంటిల్లిపాదియు చాపపై కూర్చుండి కీర్తన పాడి, వేదభాగమును చదివి, ప్రార్థించుకొనుట మన క్రైస్తవ గృహములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పల్లెలలో కూలినాలి చేసికొని వచ్చినవారు గుడిగంట విని రాత్రివేళ కూడుట యుండెను. మన పెద్దలు ఆ వేళనే యేల యేర్పరచుకొనిరో యెన్నడైన ఆలోచించితిమా? ప్రొద్దు క్రుంకినతోడనే పొలము పని నిలిచిపోవును. పని విడిచిన ఆ కొంచెము కాలమును వారు దేవునికి ప్రత్యేకించిరి.

ఇప్పుడు మణికొండ సంగతి చూడుడు. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప ఆ చుట్టుప్రక్కల గ్రామములన్నియు కంప్యూటరు ఉద్యోగుల నివాసములయ్యెను. 2018 వరకు గ్రామపంచాయతీగా నుండిన మణికొండయు అట్లే అంతస్తుల మేడలతో నిండిపోయినది. ఇచ్చట పెక్కు గృహములలో ప్రొద్దు క్రుంకిన పిమ్మట పని నిలువదు సరిగదా, అప్పుడే ముమ్మరమగును. మనకు సాయంకాలము 7 గంటలైనప్పుడు న్యూయార్కులో శీతకాలమున ఉదయము 8.30, వేసవిలో 9.30. అనగా అచ్చటి కార్యాలయములు తెరచు వేళయును మన కుటుంబ ప్రార్థన వేళయును ఒక్కటే. భర్తయో, భార్యయో, ఒక్కొక్క యింట ఇరువురునో చెవులకు యంత్రములు తగిలించుకొని గది తలుపు మూసికొందురు. పిల్లలు బడిపాఠములలో నుందురు. పొయ్యిమీద కుక్కరు కూతవేయుచుండును. ఇట్టి యింట ప్రార్థన మానవలెనని యెవరును నిశ్చయించుకొనరు. నేడు కాదు రేపు, రేపు కాదు ఆదివారము అనుచుండగానే అది నిలిచిపోవును.

ఇందుకు గృహిణి మిక్కిలి నొచ్చుకొనుట సహజము. అయితే ఆ నొప్పి కోపముగా మారినయెడల మరియొక చిక్కు గలదు. లూకా సువార్త 10వ అధ్యాయములోని మార్తను జ్ఞాపకము చేసికొనుడు. ఆమె చేసినది మంచి పనియే, ప్రభువునకు ఆతిథ్యము. కాని మనస్సు పలువిధములుగా చెదరి, కూర్చుండి వినుచున్న చెల్లెలిమీద ఆయనకే ఫిర్యాదు చెప్పుకొన్నది. “మీకు దేవుడు అక్కరలేదు, ఉద్యోగమే కావలెను” అని భర్తను, “నీ చేతికి ఆ ఫోనే వేదము” అని కోడలిని దెప్పుచు ప్రార్థనకు కూర్చుండు భక్తురాలును మార్త వంటిదే. మార్త వంటను గూర్చి చేసిన పనిని ఈమె ప్రార్థనను గూర్చి చేయుచున్నది. యోహాను సువార్త 12వ అధ్యాయములో మార్త మరల కనబడును. అచ్చటను ఆమె వడ్డించుచునే యున్నది. ఈసారి ఫిర్యాదు లేదు, మందలింపును లేదు. పని యట్లే యున్నది, తొందర మాత్రము పోయినది.

ఉద్యోగమును భక్తియు ఒకచోట నిలువజాలవని తలంచువారు దానియేలును చూడవలెను. ఆయన పరదేశపు రాజు కొలువులో ఉన్నతాధికారి. ఆయన పనిలో తప్పు పట్టుటకు శత్రువులు వెదకియు ఏమియు కనుగొనలేకపోయిరి. అట్టివాడు దినమునకు మూడు మారులు మోకాళ్లూనెను. తీరిక దొరికినప్పుడు చూచుకొందమని ఆయన యుండలేదు. ఆయన వేళలు శత్రువులకు సైతము తెలిసియుండెను.

కావున సోదరీ, సాయంకాలము కుదరనియెడల వేళను మార్చుము. ఏడు గంటలకు ప్రత్యేక పవిత్రత యేదియు లేదు. మన పెద్దలు తమ పనినిబట్టి వేళను నిర్ణయించుకొన్నట్లే మనమును చేయవచ్చును. అర్ధరాత్రివరకు పనిచేసినవానిని తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపుట న్యాయము గాదు. స్కూలు బస్సు వచ్చుటకు ముందు ఫలాహారపు బల్లయొద్ద పది నిమిషములు చాలును. ఒక చరణము పాడి, ఒక చిన్న భాగము చదివి, ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యముతో ప్రార్థించిన చాలును. ఆ పది నిమిషములను మాత్రము ఎవరికొరకును వదలుకొనరాదు.

ఆ సమయమున అచ్చుపుస్తకమునే తెరువుడు. ఫోనులోని వేదము ప్రయాణీకులకును, చూపు మందగించిన వృద్ధులకును గొప్ప మేలు. అయినను కీర్తనల గ్రంథము చదువుచుండగా బడి సందేశమో, సరుకులు తెచ్చువాని పిలుపో అదే అద్దముమీద వచ్చి పడును. వ్రేలు దానివెంట పోవును, మనస్సు వ్రేలివెంట పోవును. ఆ పది నిమిషములు ఫోనులన్నియు వేరొక గదిలో నుండనిండు. తల్లి తన ఫోను ముందుగా పెట్టివచ్చినచో పిల్లలకు వేరుగా చెప్పవలసిన పనియుండదు.

తక్కిన దినమంతయు ఏమి చేయవలెను? పారిసు నగరపు మఠమొకదానిలో బ్రదర్ లారెన్సు అను సన్న్యాసి వంటశాలలో బహుకాలము పనిచేసి 1691లో మరణించెను. వంటపని ఆయనకు స్వభావముచే ఇష్టమైనది కాదు. అయినను కుండల నడుమనే దేవుని సన్నిధిని తలంచుకొనుట అభ్యాసము చేసెను. మనస్సు తప్పిపోయినప్పుడు తన్ను తాను తిట్టుకొనక, మెల్లగా మరల త్రిప్పుకొనుట ఆయన పద్ధతి. ఆయన మాటలను, ఉత్తరములను మరణానంతరము కూర్చిన చిన్న గ్రంథము నేటికిని చదువబడుచున్నది. మనకును ఇది సాధ్యమే. గ్యాసు వెలిగించునప్పుడొకసారి, పిల్లను బస్సెక్కించి తిరిగి వచ్చునప్పుడొకసారి, రాత్రి పనికి కూర్చున్న భర్తకు కాఫీ యిచ్చునప్పుడు ఆయనకొరకొకసారి లోలోన ప్రార్థించుటకు వేరు తీరిక అక్కరలేదు.

రేపటి ఉదయమే మొదలుపెట్టుడు. మొదటి దినమున నీవును నీ బిడ్డయు ఇద్దరే కూర్చున్నను సరే. రానివారిని నిందింపక, వారి కుర్చీని బల్లయొద్దనే యుంచి, వారి పేరు ప్రార్థనలో ఎత్తుము. దెప్పుమాటకు తెరువబడని తలుపు అట్టి ప్రార్థనకు ఎన్నడైనను తెరువబడునని నిరీక్షింపుము.