గట్టి బిస్కట్టు, కాఫీ

యుద్ధం గురించి తెలుసుకోవాలంటే సేనానుల జ్ఞాపకాలకన్నా సామాన్య సిపాయి రాతలే మేలని నా అభిప్రాయం. అమెరికా అంతర్యుద్ధంలో ఫిరంగిదళ సైనికుడైన జాన్ బిల్లింగ్స్ 1887లో వెలువరించిన ‘హార్డ్‌టాక్ అండ్ కాఫీ’నే చూడండి. రాయిలాంటి బిస్కట్టును వేడి కాఫీలో వేస్తే పురుగులు పైకి తేలేవట; వాటిని తీసిపారేసి తాగేవారట! గుడారాలకూ, పేలకూ, కంచరగాడిదలకూ కూడా అందులో చోటుంది. చార్లెస్ రీడ్ బొమ్మలు సరేసరి.

పునర్ముద్రణలను చిన్నచూపు చూసేవారితో నాకు పేచీ. తొలి ముద్రణ అలమరకు అందం. గీతలు గీసుకుంటూ చదువుకోవడానికి పునర్ముద్రణే. కాకపోతే కొనేముందు బొమ్మలున్నాయో లేదో చూసుకోవాలి, అవి లేనిది సగం పుస్తకమే.

మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలెందరో ఉండేవారు. 1824లో బర్మా యుద్ధానికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఏం వండుకు తిన్నారో చెప్పే పుస్తకం కోసం పాతపుస్తకాల దుకాణాలు ఇంకా గాలిస్తూనే ఉన్నాను. మీ అటక మీద సైన్యంలో పనిచేసిన ముత్తాతగారి కాగితాలేవైనా ఉంటే, దయచేసి తూకానికి వేయకండి.