వంశావళిలో అబద్ధం చేరితే...

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేది మామూలు మనుషుల బలహీనతే కాదు, మహారాజుల బలహీనత కూడా! ఆ బలహీనతకు చరిత్ర అనే పేరు పెట్టి, దానికి భక్తి రంగు పూస్తే ఏమవుతుందో తెలియాలంటే మధ్యయుగపు సెర్బియాలో పుట్టిన వంశావళులను చదవాలి.

సెర్బియా రాజుల గురించి ఆనాటి రచయితలు, వారిలోనూ ముఖ్యంగా మఠాల్లోని సన్యాసులు, రెండు రకాల పుస్తకాలు రాశారు. ఎవరు ఎవరిని కన్నారో చెప్పేవి వంశావళులు. ఏ ఏడాది ఏం జరిగిందో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేవి కాలక్రమ చరిత్రలు. 1927లో ల్యుబొమిర్ స్తొయానొవిచ్ అనే పండితుడు ఈ రెంటినీ ఒకచోట చేర్చి అచ్చువేశాడు. అది ఎంత మేలైన పనో 1941 ఏప్రిల్ 6న లోకానికి తెలిసింది. ఆ రోజు నాజీ జర్మనీ బాంబుదాడిలో బెల్‌గ్రేడ్‌లోని జాతీయ గ్రంథాలయం కాలిపోయి, వందలాది ప్రాచీన చేతిరాత ప్రతులు బూడిదయ్యాయి.

అంత విలువైన ఈ వంశావళులు చెప్పేదేమిటి? సెర్బియాను 200 ఏళ్లకు పైగా ఏలిన రాజవంశానికి మూలపురుషుడు స్టెఫాన్ నెమన్యా. 12వ శతాబ్దం వాడు. చివరికి రాజ్యం విడిచి సన్యాసిగా మారి 1199లో కన్నుమూశాడు. వంశావళులు ఇతడిని ఏకంగా రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కుటుంబానికి ముడిపెట్టాయి. కాన్‌స్టంటైన్ చెల్లెలు కాన్‌స్టాంటియాను లిసీనియస్ పెళ్లాడాడు, ఆ లిసీనియస్ సెర్బు జాతివాడు, అతని కొడుకు బేలా ఉరోష్, బేలా ఉరోష్ కొడుకు తెహొమిల్, తెహొమిల్ కొడుకు నెమన్యా అని రాశాయి.

లెక్క చూడండి. లిసీనియస్ చనిపోయింది 325లో. నెమన్యా పుట్టింది దాదాపు 800 ఏళ్ల తర్వాత. ఆ 800 ఏళ్లనూ ఇద్దరంటే ఇద్దరు మనుషులతో నింపేశారు! పైగా సెర్బుల పూర్వీకులైన స్లావులు బాల్కన్ ప్రాంతానికి వచ్చిందే 6, 7 శతాబ్దాల్లో. లిసీనియస్ సెర్బు ఎలా అవుతాడు? ఇంతకంటే విచిత్రం మరొకటుంది. ఈ లిసీనియస్ 313లో కాన్‌స్టంటైన్‌తో కలిసి క్రైస్తవులకు స్వేచ్ఛనిచ్చినా, తర్వాత తన కొలువులోంచి క్రైస్తవులను వెళ్లగొట్టాడని, బిషప్పులు సభలు జరుపుకోకుండా అడ్డుపడ్డాడని ఆనాటి సంఘ చరిత్రకారుడు యూసీబియస్ రాశాడు. చక్రవర్తి చుట్టరికం మీద మోజుతో సంఘాన్ని హింసించినవాడినే తాతగా తెచ్చిపెట్టుకున్నారన్నమాట!

ఇలా ఎందుకు రాశారు? 15వ శతాబ్దం తొలి భాగంలో సెర్బియాను పాలించిన స్టెఫాన్ లజారెవిచ్ తండ్రి వైపు నుంచి నెమన్యా వంశస్థుడు కాదు, తల్లి మిలిత్సా వైపు నుంచే ఆ బంధుత్వం. ఒకవైపు టర్కుల ముప్పు, మరోవైపు సింహాసనం మీద హక్కు చూపించుకోవాల్సిన అవసరం. అలాంటి సమయంలో గొప్ప పూర్వీకులు కావలసి వచ్చారు. కలం అడిగినంతా ఇచ్చింది.

కలం ఇచ్చింది కాని రాయి ఇవ్వలేదు. నెమన్యా తోబుట్టువు మిరొస్లావ్ బియెలో పొల్యెలో అపొస్తలుడైన పేతురు పేరిట ఒక ఆలయం కట్టించాడు. అందులోని శాసనం అతడిని జావిదా కుమారుడని చెబుతోంది. అంటే ఆ అన్నదమ్ముల తండ్రి తెహొమిల్ కాదు, జావిదా. రెండు శతాబ్దాల తర్వాత రాసిన పొగడ్త కన్నా ఆ కాలపు రాయి మీది ఒక్క మాట గట్టి సాక్ష్యం. నెమన్యా కొడుకులు సావా, స్టెఫాన్ ఇద్దరూ తండ్రి జీవితాన్ని రాశారు. చక్రవర్తుల చుట్టరికం ఊసే వాళ్లు ఎత్తలేదు. సొంతవాళ్ల కలహాల వల్ల తమ తాత స్వస్థలం విడిచిపోవాల్సి వచ్చిందని, అందుకే తండ్రి పరాయిచోట పుట్టాడని స్టెఫాన్ దాచకుండా రాశాడు. దగ్గరి సాక్షి సాదాగా చెప్పాడు, దూరపు రచయిత అలంకరించాడు!

అలంకరణతో ఆగితే అది గొప్పలు చెప్పుకోవడమే. కాని అబద్ధం ఎప్పుడో ఒకప్పుడు ఎవరినో బలి కోరుతుంది. ఆ వంశంలో చివరి పాలకుడైన ఉరోష్‌ను సహపాలకుడు వుకాషిన్ రాజు చంపాడని తర్వాతి తరాల రాతలు నిందమోపాయి. తరతరాలు నమ్మాయి. నిజానికి వుకాషిన్ 1371 సెప్టెంబర్ 26న మరిత్సా నది దగ్గర టర్కులతో యుద్ధంలో మరణించాడు. ఉరోష్ చనిపోయింది అదే ఏడాది డిసెంబర్‌లో. ముందే చనిపోయినవాడు తర్వాత వచ్చి హత్య ఎలా చేస్తాడు? ఇంత చిన్న లెక్క వేయడానికి 500 ఏళ్లు పట్టింది. 19వ శతాబ్దంలో ఆ నిందను తుడిచిన చరిత్రకారుల్లో ల్యుబొమిర్ కొవాచెవిచ్‌తో పాటు ఇలారియోన్ రువరాత్స్ ముఖ్యుడు. ఈ రువరాత్స్ ఎవరో కాదు, ఒక ఆర్థడాక్స్ మఠాధిపతి! మఠాల్లో పెరిగిన కథను మఠవాసే సరిదిద్దాడు. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ చనిపోయినవారి విషయంలోనూ వర్తిస్తుందని చేసి చూపించాడు.

అలాగని ఈ పుస్తకాలను పారేయాలా? అక్కర్లేదు. వంశావళి నాలుగో శతాబ్దం గురించి చెప్పింది అబద్ధమే. కాని 15వ శతాబ్దపు పాలకుల భయాలను, ఆశలను అది ఉన్నదున్నట్టు బయటపెడుతుంది. రచయితకు దగ్గరి కాలపు సంగతులు చెప్పే చిన్న చిన్న నమోదులు మరీ విలువైనవి. సృష్టి నుంచి లెక్కించే ఆ పద్ధతిలో 6897 అని ఉంటే, 5508 తీసేస్తే 1389 వస్తుంది. అది కొసొవో యుద్ధం జరిగిన ఏడాది. రాసినవాడు సంఘటనకు ఎంత దగ్గరివాడు, ఆ మాట వల్ల ఎవరికి లాభం, వేరే సాక్ష్యం ఉందా అనే మూడు ప్రశ్నలు వేసి చదివితే చాలు, ఆ పుస్తకాలు నిజమే చెబుతాయి.

మత్తయి సువార్త కూడా వంశావళితోనే మొదలవుతుంది. అందులో దావీదు ఉన్నాడు. యెరికోలో వేశ్యగా బతికిన రాహాబు, మోయాబు స్త్రీ రూతు, దావీదు పాపాన్ని గుర్తుచేసే ఊరియా భార్య కూడా ఉన్నారు. మచ్చలను చెరిపేయడానికి ఆ సువార్తికుడు ప్రయత్నించలేదు. అబ్రాహాము సంతానమని విర్రవీగినవారికి బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన జవాబు కూడా మనకు తెలుసు. దేవుడు తలచుకుంటే రాళ్లలోంచైనా అబ్రాహాముకు పిల్లలను పుట్టించగలడు!

నెమన్యా గొప్పతనానికి రోమా చక్రవర్తి చుట్టరికం అవసరమే లేదు. సింహాసనం దిగి సన్యాసి కాగలగడమే అతని గొప్పతనం. అది అతని సొంత కొడుకులు సాక్ష్యమిచ్చిన నిజం. విశ్వాసాన్ని నిలబెట్టడానికి అబద్ధం ఊతకర్ర కానక్కర్లేదు. భక్తి పేరిట రాసిన చరిత్రను అందరికన్నా ముందు పరీక్షించాల్సింది భక్తులే!