పసివాడి మంచానికి రెండడుగుల ఎత్తెందుకు?

రెండేళ్ళు నిండిన మా మనవడు గత నెలలో తన కమ్ముల తొట్టి అంచు మీదికి కాలు వేశాడు. ఇక ఆ తొట్టికి కాలం చెల్లినట్లే. ఇంట్లో వెంటనే మంచం మాట మొదలైంది. మా అబ్బాయి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. కింద ఒక పడక, పైన ఒక పడక, పక్కన నిచ్చెన! "ఇప్పుడు కొంటే పదేళ్ళు వస్తుంది నాన్నగారూ" అన్నాడు. దుకాణదారు చెప్పినదీ అదేనట.

ఈ 'పదేళ్ళు వస్తుంది' అనే లెక్క మీదనే నా అభ్యంతరం. పండుగకు బట్టలు కుట్టించేటప్పుడు ఎదిగే పిల్లలని రెండంగుళాలు వదులుగా కుట్టించడం మన అలవాటు. చేతులు మడిచి తొడుగుతాము, నష్టం లేదు. మంచం ఎత్తును అలా మడవలేము. పదేళ్ళ బాలుని కోసం కొన్న మంచం మీది నుండి పడేది రెండేళ్ళ పసివాడే.

మామూలు డబుల్ కాట్ పరుపుతో కలిపి దాదాపు రెండడుగుల ఎత్తు ఉంటుంది. రెండేళ్ళ బిడ్డ పొడవు సుమారు 85 సెంటీమీటర్లు. ఆ లెక్కన మనకైతే అది ఛాతీ ఎత్తు మంచం. దాని మీద మనలో ఎవరైనా నిశ్చింతగా నిద్రపోగలరా? పైగా ఆ వయసులో శరీరంతో పోలిస్తే తల పెద్దది, బరువైనది. పడినప్పుడు ముందుగా నేలకు తగిలేది తరచుగా అదే. తలకు దెబ్బ తగిలిన బిడ్డను అర్ధరాత్రి ఎత్తుకొచ్చిన తల్లిదండ్రులు నాతో దాదాపు ఒకే మాట అనేవారు: "చుట్టూ దిండ్లు పెట్టామండీ." దిండు బిడ్డను ఆపదు. బిడ్డతో పాటు జారుతుంది, లేదా ఎక్కి దాటడానికి మెట్టవుతుంది. మంచాన్ని గోడకు జరిపితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. పరుపుకూ గోడకూ నడుమ సందులో చిన్నబిడ్డ ఇరుక్కుంటే ఊపిరాడదు. పడిన బిడ్డ పదే పదే వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, స్పృహ తప్పినా, మూర్ఛ వచ్చినా తెల్లవారే దాకా ఆగకండి.

రెండంతస్తుల మంచంలో పై పడక ఆరేళ్ళ లోపు పిల్లలకు తగదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతున్నది. "వాడు కిందనే పడుకుంటాడు కదా" అంటారు. ఎదురుగా నిచ్చెన ఉండగా ఎక్కని రెండేళ్ళవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఏడాది దాటి, నడక వచ్చిన బిడ్డకు నేల మీద పరచిన గట్టి పరుపే తొలి శయ్య కావాలి. మన నాయనమ్మలు చాప మీద బొంత పరచి చేసిన పని ఇదే. "నేల మీద పడుకోబెడితే చూసేవాళ్ళేమనుకుంటారు?" అన్నది మా కోడలు కాదు, నా శ్రీమతి!

అయితే అన్ని నేలలూ ఒకటి కావు. మట్టి ఇళ్ళలో, పొలాల పక్క నివాసాలలో నేలపడక వద్దనే చెబుతాను. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద నిద్రించేవారిని కాటు వేస్తుంది, ఆ కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అక్కడ పొట్టికాళ్ళ నవారు మంచం, అంచులను బొంత కిందికి దోపిన దోమతెర తప్పనిసరి.

మరొక విషయం. కమ్ములు తొలగాయంటే గది అంతా బిడ్డ చేతికి వచ్చినట్లే. 2016లో ఐకియా సంస్థ అమెరికాలో దాదాపు 2.9 కోట్ల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించని బీరువాలు మీద పడి పసిపిల్లలు చనిపోవడమే కారణం. పట్టుకుని ఎక్కడానికి సొరుగు కంటే అనువైన మెట్టు ఏముంటుంది?

మా మనవడు ఇప్పుడు నాలుగంగుళాల పరుపు మీద పడుకుంటున్నాడు. తెల్లవారేసరికి సగం రోజులు పరుపు మీద ఉండడు, గచ్చు మీద ఉంటాడు. నిద్ర మాత్రం చెడదు. మంచానికి అనుకున్న డబ్బులో కొంత కిటికీ గ్రిల్లుకు, దోమల జాలీకి ఖర్చయింది. బీరువాను గోడకు బిగించడానికి వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు. అంతవరకు పగలు కూడా ఆ గది తలుపు మూసి ఉంచుతున్నాము, రాత్రి వాడి పక్కన నేనే పడుకుంటున్నాను.